స్లాట్ మెషీన్‌ను గాడ్జెట్‌తో బోల్తా కొట్టించొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నాది తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్టు. ఎక్కువగా వచ్చేవి ఇన్వర్టర్లు, మిక్సీ బోర్డులు, పిడుగు పడి పోయిన టీవీలు. నాణెం వేస్తే పనిచేసే యంత్రాలతో కూడా ఇరవై ఏళ్ల పరిచయం ఉంది. రంగు లైట్లు తిరుగుతూ అట్టముక్క మీద బరువు, జాతకం అచ్చేసి ఇచ్చే తూకం మెషీన్లు, మాల్‌లో పిల్లలాడే గేములు ఎన్నో విప్పాను, బిగించాను. అందుకేనేమో, హరిప్రియ రైలెక్కి లోండా మీదుగా గోవా పోయొచ్చిన కుర్రాళ్లు, పోబోయే కుర్రాళ్లు అందరూ ఒకే ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వస్తారు: క్యాసినోలో స్లాట్ మెషీన్‌ను, అంటే డబ్బు వేసి నొక్కితే బొమ్మలు తిరిగి గెలుపో ఓటమో చూపే జూదం యంత్రాన్ని, ఏదైనా గాడ్జెట్‌తో బోల్తా కొట్టించొచ్చా అని. వచ్చిన ప్రతివాడికీ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి మొదటినుంచి చెప్పలేక, ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఒక్క ముక్కలో చెప్పన్నా. గాడ్జెట్‌తో మెషీన్‌ను మోసం చేయొచ్చా, లేదా?

ఒకప్పుడు చేశారు. దొరికిపోయారు, జైలుకీ పోయారు. ఇప్పుడు మీ చేతికి అమ్మకానికి వచ్చే ఏ డబ్బాతోనూ కాదు. నిజంగా పనిచేసే డబ్బా ఒకటి ఉందే అనుకుందాం. దాన్ని తయారు చేసినవాడు తానే వాడుకుంటాడు గానీ, మీకు పద్దెనిమిది వేలకు ఎందుకు అమ్ముతాడు?

టెలిగ్రామ్‌లో "స్లాట్ జామర్" అని, మెషీన్‌ను తికమకపెట్టే డబ్బా అమ్ముతున్నారు. వీడియోలో పనిచేస్తోంది కదా?

పోయిన ఏడాది గంగమ్మ జాతర అయిపోయిన వారానికి ఒక అబ్బాయి వచ్చాడు. సిగరెట్ పెట్టె అంత నల్ల డబ్బా, దానికి బొటనవేలంత ఏంటెన్నా. "అన్నా, గోవాలో పన్జెయ్యలేదు. బ్యాటరీ పోయిందేమో చూస్తావా?" అన్నాడు. పద్దెనిమిది వేలు పెట్టి కొన్నాడట. సగం ముందు, సగం కొరియర్ అందాక.

వాడి ఎదురుగానే స్క్రూలు తీశాను. లోపల గేటు రిమోట్లలో వాడే చిన్న ట్రాన్స్‌మిటర్ బోర్డు ఒకటి. రెండు ఎల్‌ఈడీలు, అవి మార్చి మార్చి వెలగడానికి ఒక చిన్న ఐసీ. తొమ్మిది వోల్టుల బ్యాటరీ. అడుగున వేడి జిగురుతో అంటించిన రెండు ఇనప వాషర్లు. ఎందుకో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, ఖరీదైన వస్తువులా అనిపించడానికి! ఏంటెన్నాను వేలితో కదిపితే ఊడి వచ్చింది. దాన్ని దేనికీ సోల్డర్ చేయనేలేదు. సామాను మొత్తం కలిపి మూడొందలు దాటదు.

"కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి చెప్పినాడన్నా" అన్నాడు ఆ అబ్బాయి. టెలిగ్రామ్‌లో ప్రమాణం చేసేవాడు కోనేట్లో మునగాల్సిన పని లేదు కదా.

ఇక వీడియోల సంగతి. వాటిలో కనిపించేవి చాలావరకు అమ్మేవాడి సొంత మెషీన్లు. తలుపు తీసి తాళంచెవితో క్రెడిట్లు (ఆడటానికి మెషీన్‌లో ఉన్న డబ్బు లెక్క) ఎక్కించడం యజమానికి చిటికెలో పని. లేదంటే కంప్యూటర్లో ఆడే డెమో గేమును మెషీన్ తెరలా చూపిస్తారు.

అసలు ఆ మెషీన్ లోపల గెలుపు ఎక్కడ తేలుతుంది?

ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం అడగనక్కర్లేదు.

1890ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ చేసిన లిబర్టీ బెల్ మెషీన్‌లో అంతా స్ప్రింగులూ పళ్ల చక్రాలే. పిడి లాగితే మూడు చక్రాలు తిరిగి ఎక్కడ ఆగుతాయో అదే ఫలితం. ఇప్పటి మెషీన్‌లో తిరిగే బొమ్మలు ఉత్త అలంకారం. లోపల ఒక ప్రోగ్రాము ఎవరూ ఆడకపోయినా, సెకనుకు వేల లెక్కన అంకెలు పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణాన ఏ అంకె వచ్చిందో దాంతో ఫలితం తేలిపోతుంది. తర్వాత బొమ్మలు తిరగడం ఆ ఫలితాన్ని మీకు ప్రదర్శించడమే. పెళ్లి నిశ్చయమయ్యాక చేసే పెళ్లిచూపుల్లాగన్నమాట.

కాబట్టి చక్రాన్ని ఆపే గాడ్జెట్ అనే మాటకే అర్థం లేదు. ఆపాల్సింది చక్రాన్ని కాదు. ఆ అంకె ఉన్న చిప్ తాళం వేసిన ఇనప పెట్టెలో, తలుపు తెరిస్తే కంట్రోల్ రూముకు కబురు పోయే ఏర్పాటు మధ్య ఉంటుంది.

మరి పాత రోజుల్లో ఎలా చేశారు?

టామీ గ్లెన్ కార్మైకేల్ అని ఒకడుండేవాడు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా ఊరు. వృత్తి టీవీ రిపేరు. మా వృత్తివాడే అని చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంటుంది, కాస్త గర్వంగానూ ఉంటుంది. దాచడం ఎందుకు. 1980ల్లో వంచిన రేకులు, తీగలతో మొదలుపెట్టాడు. 1985లో దొరికి జైలుకెళ్లాడు. బయటికొచ్చేసరికి మెషీన్లు కంప్యూటర్లయిపోయాయి. అప్పుడు చేసిన పరికరమే అతనికి పేరు తెచ్చింది. అది ఒక చిన్న బల్బు, బ్యాటరీ, సన్నటి తీగ. అంతే!

అది ఎందుకు పనిచేసిందో చూడండి. ఆ మెషీన్లు గెలిచినవాడికి నాణేలు ఇచ్చేవి. లోపల హాపర్ అనే గిన్నెలోంచి ఒక్కో నాణెం బయటికి జారేటప్పుడు ఒక వెలుతురు గీతను అడ్డుకుంటుంది. సెన్సర్ "ఒకటి, రెండు, మూడు" అని లెక్క పెట్టుకుంటుంది. కార్మైకేల్ బల్బు ఆ సెన్సర్ కళ్లలో వెలుగు కొట్టేది. కళ్లు బైర్లు కమ్మిన సెన్సర్‌కు నాణెం పోయినట్టే తెలియదు. పది ఇవ్వాల్సిన చోట ఇంకా ఇవ్వలేదేమో అనుకుని మెషీన్ ఇస్తూనే పోయేది.

గమనించండి. అతను గెలుపును ముట్టుకోలేదు. అంకెలు పుట్టించే ప్రోగ్రాము జోలికే పోలేదు. చిన్న గెలుపు మామూలుగా వచ్చేదాకా ఆడి, చెల్లింపు దగ్గర లెక్క తప్పించాడు. కొట్లో బీరువా తాళం పగలగొట్టకుండా చిల్లర లెక్కపెట్టే గుమాస్తాను ఏమార్చినట్టు. 1990ల్లో మళ్లీ దొరికాడు. ఆ తర్వాత ఇలాంటి మోసాలను అడ్డుకునే పరికరం ఒకటి తానే తయారు చేశానని చెప్పుకున్నాడు. ఈలోగా క్యాసినోలు నాణేలనే తీసేశాయి. 2000 తర్వాత నోటు పెడితే క్రెడిట్లు, ఆట ముగిస్తే బార్‌కోడ్ ఉన్న కాగితం టికెట్. హాపరే లేనప్పుడు బల్బు దేనికి చూపిస్తారు?

దారం కట్టిన నాణెం లోపలికి వదిలి మళ్లీ పైకి లాగడం, నకిలీ టోకెన్లు పోతపోయడం కూడా ఆ కాలానివే. నాణేలతోపాటే పోయాయి.

ఫోన్‌తో గెలిచిన రష్యావాళ్ల కథ నిజమేనా?

నిజమే. ఈ ప్రశ్నలన్నిటిలో నాకు నచ్చింది ఇదే.

2009లో రష్యా తన దేశంలో చాలాచోట్ల జూదశాలలు మూయించింది. అక్కడి మెషీన్లు చవగ్గా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో కొందరు వాటిని తీరిగ్గా విప్పి, అంకెలు పుట్టించే ప్రోగ్రామును బయటికి తీసి చదివారు. కంప్యూటర్ పుట్టించే అంకెలు నిజానికి యాదృచ్ఛికం కావు, లెక్క ప్రకారం వచ్చేవే. పంచాంగం గుణించే సిద్ధాంతికి మూలం, గణితం రెండూ తెలిస్తే వచ్చే నూరేళ్ల తిథులూ చెప్పేస్తాడు కదా, అలాగే. మెషీన్ ఇప్పుడు ఆ వరుసలో ఎక్కడ ఉందో పట్టుకుంటే చాలు.

2014 జూన్‌లో అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర ఒక క్యాసినోలో లెక్కలు తేడాగా కనిపించాయి. కెమెరాలు చూస్తే ఒక మనిషి ఫోన్‌ను మెషీన్ తెర దగ్గర పట్టుకుని కాసేపు ఆడి వెళ్లిపోతున్నాడు. మళ్లీ వచ్చాక బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు ఊరకే ఉండి, ఉన్నట్టుండి నొక్కుతున్నాడు. అసలు జరిగింది ఇది: ఫోన్ తీసిన వీడియో రష్యాలో ఉన్న వాళ్ల మనుషులకు పోతుంది. వాళ్లు లెక్క కట్టి వరుసలో మెషీన్ స్థానం పట్టుకుంటారు. మంచి అంకె రావడానికి పావు సెకను ముందు జేబులో ఫోన్ వణుకుతుంది. మనిషి చెయ్యి కదలడానికి పట్టే టైం కూడా లెక్కలో వేసుకున్నారన్నమాట!

ఆ డిసెంబరులో మళ్లీ వచ్చినప్పుడు నలుగురు పట్టుబడ్డారు, ఫెడరల్ కేసు నడిచింది. ఈ కిటుకు పనిచేసింది కొన్ని పాత మోడళ్ల మీద మాత్రమే. దాని వెనక మెషీన్ కొని విప్పిన ఇంజినీర్లు, లెక్కలు వచ్చినవాళ్లు, దేశదేశాలు తిరిగే ముఠా ఉన్నారు. ఫోన్ అందులో ఆఖరి చిన్న ముక్క. ఆ కథ విని ఎవరో తయారు చేసిన యాప్ దింపుకుంటే మీకు ఆ ముక్క కూడా దక్కదు.

అయస్కాంతం?

పనిచేయదు. అడిగినవాళ్లలో సగంమంది స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం జేబులో పెట్టుకునే వచ్చారు. దాంతో ఏటీఎం కార్డు పాడుచేసుకున్నవాడూ ఉన్నాడు.

గ్యాస్ లైటర్ కొడితే క్రెడిట్ పడుతుందని విన్నాం. అది అబద్ధమా?

అబద్ధం కాదు, నా కళ్లారా చూశాను. అయితే అది స్లాట్ మెషీన్ కాదు. చాలా ఏళ్ల కిందట పిల్లల గేములు పెట్టిన ఒకాయన పిలిచాడు. "రోజూ డబ్బాలో నాణేలు తక్కువ, మీటర్లో ఆటలు ఎక్కువ" అని గొడవ. సాయంత్రం దాకా కూర్చుని చూశాను. స్కూలు బ్యాగుతో వచ్చిన ఇద్దరు పిల్లలు వంటింట్లో వాడే లైటర్ తీసి నాణెం వేసే చోట టక్ టక్ మనిపిస్తున్నారు. ఆ నిప్పురవ్వ వల్ల పుట్టే కరెంటు తుళ్లింత నాణెం తీగలోకి ఎక్కి, మెషీన్‌కు నాణెం పడ్డట్టే అనిపించేది.

తలుపు తీసి చూస్తే ఎర్తింగ్ తీగే లేదు. ఎవరో రిపేరు చేసి మళ్లీ పెట్టడం మర్చిపోయారు. తీగ బిగించి, నాణెం మెషీన్‌కు షీల్డు తీగ వేస్తే మర్నాటికి లైటర్లు మూగబోయాయి. పిల్లల్ని మాత్రం తిట్టలేకపోయాను. వాళ్లు లోపం కనిపెట్టడంలో ఆయన పాత మెకానిక్ కంటే మేలు.

క్యాసినోకు వెళ్లే మెషీన్‌ను ఇలాంటి తుళ్లింతలు కావాలని ఇచ్చే పరీక్షిస్తారు. జీఎల్ఐ-11 అనే ప్రమాణంలో స్టాటిక్ కరెంటుకూ, రేడియో తరంగాలకూ ఫలితం చెక్కుచెదరకూడదన్న నియమం ఉంది. గట్టిగా కొడితే మెషీన్ ఆగిపోతుంది, పైన లైటు వెలుగుతుంది, సిబ్బంది వస్తారు. అంతవరకే.

ఒకవేళ నిజంగానే పనిచేసి డబ్బు కక్కితే?

దాదాపు ప్రతి మెషీన్ మీద ఇంగ్లీషులో ఒక వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది: "మాల్‌ఫంక్షన్ వాయిడ్స్ ఆల్ పేస్ అండ్ ప్లేస్". మెషీన్‌లో తేడా వస్తే ఆటలు, గెలుపులు అన్నీ చెల్లవు అని. మీ డబ్బా మెషీన్‌ను తికమకపెట్టి లక్ష చూపించిందే అనుకోండి. పెద్ద గెలుపులకు మనిషి వచ్చి చేతికిచ్చే ముందు మెషీన్ లాగ్ చూస్తారు, కెమెరా వెనక్కి తిప్పుతారు. తికమక కనిపిస్తే డబ్బు రాదు. డబ్బా కనిపిస్తే మీరు బయటికి రారు.

మెషీన్ తనిఖీ చేసేవాళ్లే మోసం చేస్తే?

అదీ జరిగింది. రోనాల్డ్ డేల్ హారిస్ అనే అతను నెవాడా రాష్ట్ర జూద నియంత్రణ బోర్డులో ప్రోగ్రామరు. మెషీన్లు సరిగ్గా ఉన్నాయా అని చూడటం అతని ఉద్యోగం. తనిఖీకి వాడే ప్రోగ్రాములోనే కిటుకు పెట్టి, నాణేలు ఒక వరుసలో వేస్తే గెలిచేలా చేశాడు. 1995లో అట్లాంటిక్ సిటీలో అతని స్నేహితుడు కీనో అనే, అంకెలు ఎంచుకుని ఆడే లాటరీ లాంటి ఆటలో లక్ష డాలర్లు గెలిచి, గెలిచినవాడికి ఉండాల్సిన సంబరం ఏమీ లేకుండా నిలబడేసరికి అనుమానం వచ్చింది. అక్కడినుంచి తీగ లాగితే డొంక కదిలింది. అయితే ఇందులో గాడ్జెట్ ఎక్కడుంది? కంచే చేను మేసింది, అంతే.

లైసెన్సు లేని చోట పెట్టిన మెషీన్ల సంగతి వేరు. లాడ్జీ గదుల్లో, తోటల్లో గుట్టుగా నడిపేవాటి చిప్‌లో ఏముందో చూసినవాడు లేడు. అక్కడ మోసం జరిగితే మీరు చేసేది కాదు, మీకు జరిగేది.

ఒక్క బొమ్మ తేడాలో జాక్‌పాట్ పోయింది. ఇంకొంచెం ఆడుంటే?

ఆ ఒక్క బొమ్మ తేడా కూడా లెక్క ప్రకారం వచ్చిందే. 1984లో ఇంగె టెల్నెస్ అనే ఆయనకు అమెరికాలో ఒక పేటెంట్ వచ్చింది. అందులోని కిటుకు ఇది. కంటికి కనిపించే చక్రం మీద 22 స్థానాలున్నాయనుకోండి. మూడు చక్రాలకు 10,648 కలయికలు. లోపలి ప్రోగ్రాములో మాత్రం చక్రానికి 64 స్థానాలు పెట్టుకోవచ్చు. అప్పుడు 2,62,144 కలయికలు. జాక్‌పాట్ బొమ్మకు ఒక్క స్థానమే ఇచ్చి, దాని పైనా కిందా ఉన్న ఖాళీలకు ఎక్కువ స్థానాలిస్తే ఏమవుతుంది? జాక్‌పాట్ బొమ్మ గీతకు కాస్త పైనో కిందో మాటిమాటికీ ఆగుతుంది. మీకు "అబ్బా, దగ్గరికొచ్చింది" అనిపిస్తుంది. ఏమీ దగ్గరికి రాలేదు.

ఇందాకే పెద్ద మొత్తం ఇచ్చింది కాబట్టి ఇప్పట్లో ఇవ్వదు, చాలాసేపటినుంచి ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడిస్తుంది. ఈ రెండూ తప్పే. మెషీన్‌కు జ్ఞాపకం లేదు.

డబ్బు లెక్క కూడా చూడండి. పందెంలో సగటున 92 శాతం తిరిగిచ్చే మెషీన్ అనుకుందాం. పది రూపాయల చొప్పున నిమిషానికి పదిసార్లు నొక్కితే గంటకు 600 సార్లు, అంటే 6,000 రూపాయల పందెం. అందులో 8 శాతం, 480 రూపాయలు, క్యాసినోది. వెయ్యితో కూర్చున్నవాడు సగటున రెండు గంటలు కూర్చుంటాడు. మధ్యలో మూడువేలు చూసి లేచిపోయినవాడు ఉంటాడు, ఇరవై నిమిషాల్లో ఖాళీ అయినవాడూ ఉంటాడు. గెలిస్తే ఆ మొత్తం మీద ఆదాయపన్ను 30 శాతం, పోయింది అందులో తీసివేయనివ్వరు. ఇంత బాగా నడిచే యాపారానికి మిమ్మల్ని వేరే మోసం చేయాల్సిన అవసరమే లేదు.

ఫోన్‌లో ఆడే స్లాట్లకు, ఏ రంగు వస్తుందో పందెం కాసే కలర్ ప్రిడిక్షన్ ఆటలకు ఫలితం ముందే చెప్తామనే "ప్రిడిక్టర్" యాప్‌లు వస్తున్నాయి. అవి?

అక్కడైతే గురిపెట్టడానికి మెషీన్ కూడా లేదు. ఫలితం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో తేలుతుంది, మీ ఫోన్‌కు బొమ్మ మాత్రమే వస్తుంది. ప్రిడిక్టర్ యాప్ మామూలుగా ప్లేస్టోర్‌లో దొరకదు, ఏపీకే ఫైలు (నేరుగా ఫోన్‌లో ఎక్కించుకునే యాప్) పంపుతారు. దింపగానే మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. జోస్యానికి మీ మెసేజీలతో ఏం పని? ఓటీపీల కోసం. చిత్తూరు నుంచి ఒకావిడ కొడుకు ఫోన్ తెచ్చి "సార్, ఇది వేసినప్పట్నుంచి అకౌంట్లో దుడ్లు నిలవడం లేదు" అంది. ఫోన్ మొత్తం చెరిపి ఇచ్చాను. పోయిన దుడ్లు మాత్రం నా టేబుల్ మీద దొరికేవి కావు.

చట్టం ఏమంటుంది?

గోవాలో 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్‌స్టార్ హోటళ్లలో స్లాట్ మెషీన్లకు, 1996లో నీళ్ల మీద ఓడల్లో క్యాసినోలకు దారి తీశారు. సిక్కింకూ సొంత చట్టం ఉంది. మన రాష్ట్రంలో ఆ వెసులుబాటు లేదు. 1974 ఏపీ గేమింగ్ చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటనలిచ్చేవాళ్లకూ శిక్ష ఉంది.

పరికరం పెట్టి మెషీన్‌ను మోసం చేస్తే అది ఆట కాదు, వంచన. భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, ఏడేళ్ల దాకా పడొచ్చు. నెవాడాలోనూ ఇలాంటి పరికరం వాడటం నేరమే. ఇంకో సంగతి, జామర్ అనేది పనిచేసినా పనిచేయకపోయినా మన దేశంలో మామూలు మనుషులు వాడకూడనిది.

డబ్బా కొని మోసపోయాను. పోలీసుల దగ్గరికి పోతే నన్నే లోపలేస్తారేమో?

నా దగ్గరికి వచ్చిన అబ్బాయి కూడా అదే భయంతో నెల్లాళ్లు ఊరకున్నాడు. అమ్మేవాడు లెక్క వేసుకునేది కూడా ఆ భయాన్నే. "వీడు నోరు విప్పడు" అని. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపేయడానికి అంత వీలు. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ తెరచిత్రాలు, కొరియర్ కవరు పారేయొద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇంకా సందేహంగా ఉంటే ముందు ఒక వకీలును అడగండి. "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు రెండువేలు కట్టండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు మొదటివాడి తమ్ముడు.

ఆట మానలేక నలుగుతుంటే 14416కు చేయండి. అది టెలిమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. మా తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. ఓపీ చీటీ రాయించుకుని కూర్చుంటే పిలుస్తారు.

నువ్వెప్పుడైనా ఆడినావా అన్నా?

ఒక్కసారి. పనాజీలో మాండోవీ నది మీద ఓడ. బావమరిది లాక్కుపోయాడు. ఐదొందలతో కూర్చుంటే అరగంటలో అయిపోయింది. మిగతా సేపు మెషీన్ వెనక్కి వంగి ఎర్తింగ్ ఎటునుంచి తీశారో చూస్తున్నా. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి నా భుజం తట్టి హిందీలో ఏదో అడిగాడు. నాకు వచ్చిన హిందీలో "రిపేరు, రిపేరు" అన్నాను. ఆ తర్వాత ఓడ దిగేదాకా వాడు మా వెనకే ఉన్నాడు. బావమరిది నాతో మాట్లాడింది లోండా స్టేషన్లో టీ తాగేటప్పుడే.